గేట్స్‌హెడ్ దేవదూతకు రంగెందుకు వేయలేదు?

పిల్లలూ,

ఇంగ్లండులో గేట్స్‌హెడ్ గుట్ట మీద మీరు చూసిన ఆ రెక్కల దేవదూత బొమ్మ ఫొటో అందింది. "తాతయ్యా, అంతా తుప్పు పట్టింది కదా, రంగు వేయరేం?" అని అడిగారు.

ఆటలో పడితే మోకాలికి పెచ్చు కడుతుంది కదా, తుప్పు ఇనుముకు పెచ్చు లాంటిది. మామూలు ఇనుముకు అది నిలవదు. పొరలుగా రాలుతుంది, రాలినచోట పచ్చి ఇనుము బయటపడి మళ్లీ తుప్పు పడుతుంది. మన పెరటి గేటు అడుగున చూశారుగా, అప్పడంలా విరిగిపోతోంది. ఈ బొమ్మది కోర్టెన్ ఉక్కు. అందులో కాస్త క్రోమియం, నూటికి అర పాలు అటూ ఇటూగా రాగి కలుపుతారు. ఆ కాస్తతోనే పెచ్చు బిగుతుగా అతుక్కుని లోపలికి నీటినీ గాలినీ అంత తేలిగ్గా పోనివ్వదు. తుప్పు కనబడగానే పాడైందని తేల్చేయకూడదు మరి.

పెచ్చు గట్టిపడాలంటే ఉక్కు తడవాలి, ఆరాలి, మళ్లీ తడవాలి. ఇలా కొన్నేళ్లు. తడిగుడ్డ చుట్టి ఉంచిన మోకాలిలాగే, నీళ్లు నిలిచే మూల, ఆకులు పేరుకున్న సందు మానవు, అక్కడ తుప్పు ఉక్కును తినేస్తూ పోతుంది. సముద్రపు ఉప్పూ దీనికి పడదు. వెల్డింగు కడ్డీ కూడా అదే జాతి ఉక్కుది కావాలి, లేదంటే అతుకు ముందు పోతుంది. మోకాలు మానాక పెచ్చు రాలిపోతుంది, దీనిది ఎప్పటికీ రాలకూడదు. నా పోలిక అక్కడ తెగింది, పోనీండి.

శిల్పి ఆంటొనీ గోర్మ్లీ. హార్టిల్‌పూల్‌లో ముక్కలుగా తయారుచేసి, తెచ్చి 1998లో నిలబెట్టారు. ఎత్తు 20 మీటర్లు, రెక్కలు కొస నుంచి కొసకు 54. ఒంటి బరువు 100 టన్నులు, ఒక్కో రెక్క 50. గుట్ట మీది గాలికి ఆ రెక్కలు తెరచాపలే! అందుకే ఒంటి మీద పక్కటెముకల్లా నిలువు పట్టీలు. గంటకు 160 కిలోమీటర్ల గాలినీ ఓర్చుకుంటుంది. పునాది స్తంభాలు రాతిదాకా 20 మీటర్లు దిగాయి. పైకెంతో కిందికీ అంతే.

ఆ కింద బొగ్గుబావి సొరంగాలున్నాయి. బొమ్మ నిలబడ్డ చోటే ఒకప్పుడు కార్మికులు షిఫ్టు దిగి మసి కడుక్కునే స్నానాల గదులుండేవి. మా చిన్నప్పుడు కొత్తగూడెంలో సైరన్ కూస్తేనే మాకు టైము తెలిసేది. సింగరేణిలో బొగ్గు తీసిన ఖాళీల్లో నీళ్లతో కలిపి ఇసుక పంపేవారు. గేట్స్‌హెడ్‌లో పునాదికి ముందు ఆ పాత సొరంగాల్లోకి సిమెంటు జావ పంపు చేశారు. లేకపోతే 200 టన్నులు దేని మీద నిలుస్తాయి?

ఈసారి వాన వెలిశాక వెళ్లండి. నిలువు పట్టీల మధ్య నీరు ఏ దారిన జారుతోందో, అక్కడ రంగు ముదురో లేతో చూడండి. బొమ్మ పాదం మీద మీ చేతి బొటనవేలు రుద్ది, ఎర్రగా అంటిందో లేదో నాకు రాయండి.

మీ తాతయ్య