బోరు పాయింట్: పాత బోర్ల సంగతి ముందే చెబితే తప్పా?

అపోహ: ఫెయిలైన బోర్ల గురించి జియాలజిస్టుకు చెప్పొద్దు. చెబితే ఇక పరీక్ష ఏముంది?

బోరు ఎక్కడ వేయాలో చూడ్డానికి మా జియాలజిస్టులం నల్లగొండ జిల్లా దేవరకొండ, చండూరు వైపు సర్వేకు పోతే చాలామంది ఇదే చేస్తారు. "ముందు మీరు చెప్పండి సార్, తర్వాత మేం చెప్తం." జాతకం చెప్పేవాడికి పెట్టే పరీక్ష ఇది. మాకు పెడితే నష్టం మీకే.

వాస్తవం: మా సర్వే మిషన్‌కు నీళ్లు కనిపించవు. రెండు రాడ్లతో భూమిలోకి కరెంటు పంపి, మధ్యలో ఇంకో రెండు రాడ్ల దగ్గర వోల్టేజీ కొలుస్తాం. కరెంటును నేల ఎంత అడ్డుకుంటోందో తెలుస్తుంది, అంతే. దీన్నే నిరోధకత అంటాం, ఓమ్-మీటర్లలో కొలుస్తాం. ఒకే గ్రాఫ్‌ను రెండు మూడు రకాలుగా చదవొచ్చు. పైమట్టికీ గట్టి బండకూ మధ్య 5 మీటర్ల మందాన 20 ఓమ్-మీటర్ల పొర ఉన్నా, 10 మీటర్ల మందాన 40 ఓమ్-మీటర్ల పొర ఉన్నా గ్రాఫ్ దాదాపు ఒకటే. మందాన్ని నిరోధకతతో భాగిస్తే రెండింటికీ 0.25 వస్తుంది. మిషన్‌కు అందేది ఆ భాగఫలమే. మొదటిది బంకమట్టి కావచ్చు, రెండోది నీళ్లున్న మొరం కావచ్చు. ఎంత ఖరీదైన మిషన్ తెచ్చినా ఈ చిక్కు పోదు.

పోగొట్టేది పక్క చేను బోరు. "కేసింగ్ (బోరు పైభాగంలో దించే పైపు) ఎన్ని అడుగులు దిగింది?" అని అందుకే అడుగుతాం. గట్టి బండ తగిలేదాకా కేసింగ్ దించుతారు కాబట్టి, 35 అడుగులంటే రెండో లెక్క నిలుస్తుంది. 20 అడుగులకే ఆగిందంటే మొదటిదే. రిగ్గు తోడిన పొడి గట్టున ఇంకా కుప్పగా ఉంటే మరీ మంచిది, వేళ్లతో నలిపి చూస్తాం. ఫెయిలైన బోరు కూడా మాకు సాక్ష్యమే.

అపోహ: పక్కాయనకు 200 అడుగులకు పడ్డాయి, మనకూ అంతే.

వాస్తవం: మన గ్రానైట్‌లో లోతు నీళ్లు పగుళ్లలోనే ఉంటాయి. పగులు వేరే దిక్కుకు మళ్లితే యాభై అడుగుల అవతల ఉత్త దుమ్మే లేస్తుంది. కేసింగ్ లోతు పక్క చేనుకు చాలావరకు పనికొస్తుంది, పగులు లోతు పనికిరాదు. దేన్ని ఎంత నమ్మాలో తేల్చుకోవడంలోనే ఉంది కష్టమంతా. గ్రాఫ్ గట్టిగా ఎదురు చెబితే పక్క బోరు మాట వదిలేయాల్సిందే. ఇలా తూచడానికి లెక్కల్లో ఒక దారి ఉంది, 1763 నాటి ఇంగ్లిష్ గణితవేత్త థామస్ బేయిస్ వ్యాసంతో మొదలైంది.

అపోహ: బోరు పాయింట్ కోసం చూసే శాటిలైట్ ఫొటోలో అనుమానమేముంది, కళ్లకు కనిపిస్తూనే ఉంది కదా.

వాస్తవం: వెలుగు పైనుంచి పడుతుందని మన మెదడు ముందే అనుకుంటుంది. చలికాలం పొద్దున తీసిన ఫొటోలో ఎండ ఆగ్నేయం నుంచి, అంటే కింది అంచు వైపు నుంచి వస్తుంది. దాంతో అమ్రాబాద్ గుట్టలు లోయల్లా, లోయలు గుట్టల్లా కనిపించవచ్చు. ఫొటోను తలకిందులు చేసి చూడండి, సరవుతుంది.

అపోహ: కొబ్బరికాయ అరచేతిలో లేచి నిలబడితే నీళ్లు ఖాయం.

వాస్తవం: కాయకు ఏమీ తెలియదు. పట్టుకున్న పెద్దమనిషి ఊళ్లో బోర్లన్నీ ఎరిగినవాడైతే మాత్రం, కాయ లేవకముందే ఆయనకు సగం తెలుసు.

అపోహ: ఫ్లోరైడ్ ఉందో లేదో కూడా మిషనే చెబుతుంది.

వాస్తవం: చెప్పదు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి అనగానే అనుమానం ముందే వస్తుంది, అయినా అనుమానంతో తేలదు. నీళ్లు పడ్డాక ఒక సీసాడు ల్యాబ్‌కు పంపండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పొలానికి పారించుకోండి, తాగడానికి వద్దు.