పచ్చ బోర్డు, గులాబీ బోర్డు, మధ్యలో నీళ్లు

మంటను కాసేపు ఆపే శక్తి జిప్సం బోర్డుకు వచ్చేది నీటి వల్లే. అదే బోర్డును పాడుచేసేది కూడా నీరే. ఏ గదికి ఏ రకం తీసుకోవాలన్న ప్రశ్నంతా ఈ తిరకాసు చుట్టూనే తిరుగుతుంది.

డ్రైవాల్ అన్నా, జిప్సం బోర్డు అన్నా రెండు దళసరి కాగితాల మధ్య గట్టిపడిన జిప్సం పలకే. విరిగిన ఎముకకు వేసే పిండికట్టులో గట్టిపడేది కూడా ఈ పదార్థమే. జిప్సం స్ఫటికంలో ఒక్కో కాల్షియం సల్ఫేట్‌కు రెండేసి నీటి అణువులు కట్టుబడి ఉంటాయి. బరువులో అది దాదాపు 21 శాతం. పైకి ఎంత పొడిగా కనిపించినా, చదరపు మీటరు పలకలో 12 కిలోల జిప్సం ఉంటే అందులో రెండున్నర లీటర్ల నీరు ఉన్నట్టే.

గది అంటుకున్నప్పుడు పనికొచ్చేది ఈ నీరే. బోర్డు 100 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంటే స్ఫటికాల్లోంచి నీరు విడిపోయి ఆవిరవుతుంది. అందుకు బోలెడంత వేడి ఖర్చవుతుంది. ఆ నీరు అయిపోయేదాకా గోడ అవతలి వైపు వేడి 100 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. ఇంతవరకు మామూలు బోర్డు కూడా చేస్తుంది. తేడా కనిపించేది ఆ తర్వాతే. నీరు పోయిన జిప్సం కుంచించుకుపోయి, పగిలి, పెళ్లలుగా రాలుతుంది. ఆ సందులోంచి మంట అవతలికి దూరుతుంది. మంటను ఎక్కువసేపు తట్టుకునేలా తయారుచేసే ఫైర్ బోర్డులో అందుకే గ్లాస్ ఫైబర్ పోగులు కలుపుతారు. అవి పగిలిన జిప్సాన్ని రాలిపోకుండా పట్టి ఉంచుతాయి. కొన్ని రకాల్లో వర్మిక్యులైట్ అనే ఖనిజం కూడా వేస్తారు. అది వేడికి ఉబ్బి, జిప్సం కుంచించుకున్న మేరకు ఖాళీని పూడుస్తుంది. ఫైర్ బోర్డు ముక్క ఒకటి విరిచి అంచు దగ్గరగా చూడండి, వెంట్రుకల్లాంటి తెల్లటి పోగులు పైకి లేచి ఉంటాయి.

తేమకు పచ్చ, మంటకు గులాబీ అన్న రంగుల లెక్క చాలాచోట్ల నడుస్తుంది కానీ, ప్రపంచమంతా ఒకటే కాదు. బోర్డు మీద అచ్చేసిన అక్షరాలనే నమ్మాలి. అమెరికా ప్రమాణంలో ఫైర్ బోర్డు టైప్ ఎక్స్. ఐరోపా ప్రమాణంలో అది ఎఫ్, తేమను తట్టుకునేది హెచ్. హెచ్‌లోనూ తరగతులున్నాయి. నీళ్లలో ముంచినప్పుడు హెచ్1 తన బరువులో 5 శాతానికి మించి పీల్చకూడదు, హెచ్3కి 25 శాతం దాకా వెసులుబాటు ఉంది. రెండూ పచ్చగానే ఉండొచ్చు!

ఇక ఫైర్ బోర్డు గురించి వినిపించే "గంటసేపు మంటను ఆపుతుంది" అన్న మాట. ఆ గంట బోర్డుది కాదు, మొత్తం గోడది. లోపలి ఫ్రేము, స్క్రూల మధ్య దూరం, జాయింట్ల పూత అన్నీ కలిపి కొలిమిలో పరీక్షించి ఇచ్చే రేటింగ్ అది. 15.9 మిల్లీమీటర్ల టైప్ ఎక్స్ బోర్డును రెండు వైపులా బిగించిన గోడకు గంట రేటింగ్ మామూలే. అదే గోడలో రెండు స్విచ్ బాక్సులు వీపూవీపూ ఆనించి పెట్టి, పైపు చుట్టూ సందు వదిలేస్తే ఆ రేటింగ్ కాగితం మీదే మిగులుతుంది. మంచి బోర్డు కొని సందులకు ఫైర్ సీలెంట్ దగ్గర పొదుపు చేసేవాళ్లే ఎక్కువేమో అని నా అనుమానం.

ఫైర్ బోర్డు కదా అని పొయ్యి పొగగొట్టానికి ఆనించి బిగించడమూ పొరపాటే. రోజూ 50 డిగ్రీలు దాటిన వేడి తగులుతూ ఉంటే స్ఫటికాల్లోని నీరు మెల్లమెల్లగా పోతుంది. నిజంగా నిప్పంటుకున్న రోజుకు ఆపడానికి నీరు మిగలదు.

తేమ సంగతి వేరు. జిప్సం నీళ్లలో కొద్దిగా కరుగుతుంది, లీటరుకు రెండు గ్రాముల పైచిలుకు. సూదుల్లా ఒకదాన్నొకటి పెనవేసుకున్న స్ఫటికాల మధ్యకు తడి చేరితే ఆ పట్టు సడలి బోర్డు మెత్తబడుతుంది. కాగితంలోని సెల్యులోజ్, జిగురులోని పిండిపదార్థం బూజుకు మంచి మేత. తేమ బోర్డులో సిలికోన్ లేదా మైనం కలుపుతారు, కాగితాన్నీ తడి పీల్చకుండా తయారుచేస్తారు. బాత్‌రూమ్ సీలింగ్‌కు, వాష్‌బేసిన్ వెనక గోడకు అది చాలు. నేరుగా షవర్ నీళ్లు పడే గోడకు మాత్రం చాలదు. పైన టైల్స్ ఉన్నాయిగా అనుకోవద్దు, వాటి మధ్య సందుల్లో నింపే గ్రౌటులోంచి నీరు దిగుతూనే ఉంటుంది. అక్కడ సిమెంట్ బోర్డు పెట్టి, దాని మీద వాటర్‌ప్రూఫింగ్ పొర వేయాల్సిందే. ఇంకోటి, బోర్డు అడుగు అంచు నేలకు తగలకుండా ఓ సెంటీమీటరు ఎత్తులో ఆపాలి, లేకపోతే తడిచిన నేల నుంచి కాగితం నీళ్లు పైకి లాగేస్తుంది.

వంటగదిలా రెండు బెడదలూ ఉన్న చోటికి ఎఫ్, హెచ్ గుణాలు రెండూ ఉన్న బోర్డులు దొరుకుతాయి. గోడ వెనక పైపు కారుతుంటే మాత్రం అవీ దండగే. ముందు లీకు బాగుచేయించి, గోడ పూర్తిగా ఆరాకే కొత్త బోర్డు బిగించాలి. మెత్తబడి బూజెక్కిన ముక్క మీద రంగేసి సరిపెట్టుకోకుండా దాన్ని కోసి తీసేయాలి.