మెడ స్కాన్‌తో గొట్టం కష్టమో కాదో తేలిపోతుందా? అపోహలు - వాస్తవాలు

"గాల్‌బ్లాడర్‌లో రాళ్లకి మెడ స్కాన్ ఏంటి మేడం?" అని పేషెంట్లు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. పూర్తి మత్తు ఇస్తే ఊపిరి మత్తు డాక్టర్లమైన మా చేతుల్లోకి వస్తుంది. నోట్లోంచి స్వరతంతువుల మధ్యగా శ్వాసనాళంలోకి గొట్టం వేయాలి. చాలామందికి అది నిమిషంలో అయిపోతుంది. కొందరికి లారింగోస్కోప్‌తో (గొంతు లోపల చూసే లైటున్న పరికరం) నాలుక ఎంత ఎత్తినా స్వరతంతువులు కనపడవు. ఆ కొందరెవరో ముందే పసిగట్టాలన్నదే మా తాపత్రయం. అందుకే మెడకు ఈ అల్ట్రాసౌండ్ స్కాన్.

అపోహ: నోరు తెరిపించి చూస్తే చాలు, స్కాన్ దండగ.

వాస్తవం: నోరు తెరిపించి, నాలుక బయటపెట్టించి చూసే పరీక్ష పేరే మల్లంపాటి. మన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లిన డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావు గారు 1985లో దాన్ని ప్రచురించారు. ఇప్పటికీ ఆ గ్రేడ్ రాయకుండా మా చెకప్ పూర్తికాదు. అయితే 2018లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష ప్రకారం ఆ పరీక్ష ఒక్కటే చేస్తే కష్టమైన కేసుల్లో దాదాపు సగమే దొరుకుతాయి. 2015లో డెన్మార్క్ వాళ్లు 1,88,064 మంది రికార్డులు తిరగేస్తే, గొట్టం కష్టమైన వాళ్లలో 93 శాతం మంది విషయంలో ముందుగా ఎవరూ అనుకోలేదని తేలింది.

అపోహ: స్కాన్‌లో ఒక నంబర్ వస్తుంది, దాన్నిబట్టి చెప్పేయొచ్చు.

వాస్తవం: ఈ అపోహ పేషెంట్లకన్నా మా పీజీ డాక్టర్లలో ఎక్కువ. గడ్డం కింద మెడలో ఉండే హయాయిడ్ ఎముకకు, కంఠమణికి మధ్య ప్రోబ్‌ను (చర్మానికి ఆనించే స్కాన్ పరికరం) అడ్డంగా పెట్టి, చర్మం నుంచి ఎపిగ్లాటిస్ (శ్వాసనాళం పైన మూతలా ఉండే భాగం) దాకా ఎంత లోతుందో కొలుస్తాం. లోతు పెరిగేకొద్దీ కష్టం పెరగొచ్చు. కానీ ఒక పేపర్ 2 సెంటీమీటర్ల దగ్గర గీత గీస్తే, ఇంకోటి 2.5 దాటాకే అంటుంది. ప్రోబ్ కాస్త గట్టిగా నొక్కితే కొన్ని మిల్లీమీటర్లు తగ్గిపోతాయి, దిండు మారిస్తే కొలతా మారుతుంది. జెల్ ధారాళంగా వేసి, బరువు మోపకుండా ప్రోబ్ ఆనించాలి. పైగా అల్ట్రాసౌండ్ గాలిని దాటి చూడలేదు, గాలి వెనక తెరమీద కనిపించేదంతా భ్రమే.

గుట్కా నమిలి నమిలి నోరు బిగుసుకుపోయిన మనిషి సంగతి చూడండి. రెండు వేళ్లు పట్టేంత కూడా దవడ తెరుచుకోదు. మెడ స్కాన్ మాత్రం శుభ్రంగా నార్మల్ వస్తుంది! ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లను నేను నమస్కారం పెట్టమంటాను. అరచేతులు పూర్తిగా అతుక్కోకపోతే కీళ్లు బిగుసుకున్నట్టే, మెడ కూడా సరిగా వంగకపోవచ్చు. ఇవేవీ ప్రోబ్‌కు తెలియవు.

అపోహ: స్కాన్ అంటే రేడియేషన్.

వాస్తవం: కాదు. ధ్వని తరంగాలు, అంతే.

అపోహ: అంచనా చెప్పడంతో స్కాన్ పని అయిపోతుంది.

వాస్తవం: నన్నడిగితే అసలు లాభం వేరేచోట ఉంది. గొట్టం పడక, మాస్కుతోనూ గాలి వెళ్లకపోతే, కంఠమణి కింద ఉన్న క్రికోథైరాయిడ్ పొరను కోసి ఆక్సిజన్ ఇవ్వాలి. మెడ లావుగా ఉన్నవాళ్లలో, ముఖ్యంగా స్థూలకాయులైన మహిళల్లో, వేలితో తడిమితే ఆ చోటు తరచూ తప్పిపోతుంది. ప్రోబ్‌ను మధ్యగీత మీద నిలువుగా పెడితే శ్వాసనాళం రింగులు పూసల దండలా వరసగా కనిపిస్తాయి. వాటికి పైన పెద్ద పూసలా కనిపించేది క్రికాయిడ్ అనే మృదులాస్థి రింగు, దాని పైఅంచును ఆనుకునే ఆ పొర ఉంటుంది. మత్తుకు ముందే మార్కర్‌తో గుర్తు పెట్టుకోవాలి. అదీ మెడ వెనక్కి వంచి ఉంచే పెట్టాలి, లేకపోతే తర్వాత చర్మం జరిగి గుర్తు పక్కకు పోతుంది.

అపోహ: చిన్న మెషీనే కదా, బ్యాగులో వేసుకుని ఏ ఆస్పత్రికైనా వెళ్లొచ్చు.

వాస్తవం: లింగనిర్ధారణను అడ్డుకునే 1994 చట్టం మెడకు వాడే మెషీన్‌కూ వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే, ఇష్టమొచ్చిన చోటికి మోసుకుపోవడం కుదరదు. కొత్తగా కొనే మత్తు డాక్టర్లు ముందు ఆ కాగితాల పని చూసుకోండి.

ఇక పేషెంట్లకు: గతంలో ఏ ఆపరేషన్‌లోనైనా గొట్టం వేయడం కష్టమైందని చెప్పి ఉంటే, ఆ పాత డిశ్చార్జ్ సమ్మరీ తప్పకుండా తీసుకురండి. స్కాన్ కన్నా ముందు మేం చూసేది అదే.