పిల్లి గిన్నెలో ఏముంది?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వంటి ఊళ్లలో మన తెలుగు ఇళ్ల పిల్లికి చాలాచోట్ల దక్కేది పాలన్నమో పెరుగన్నమో. మిగతాది అదే చూసుకుంటుందిలే అని బయటికి వదిలేస్తాం. ఆ మిగతాది ఏమిటో పెరట్లో కాసేపు నిలబడితే తెలుస్తుంది. పొట్ట నేలకు ఆనించి, తోక కొన మాత్రం ఆడిస్తూ, జామచెట్టు కిందికి దిగిన ఉడుత మీదే చూపు నిలుపుతుంది. ఉడుత కాకపోతే తొండ, తొండ కాకపోతే ఇంకా ఎగరలేని గోరువంక పిల్ల.

పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. గుండెకూ కంటిచూపుకూ టారిన్ అనే పదార్థం కావాలి. దాన్ని తగినంత తయారుచేసుకునే శక్తి పిల్లి శరీరానికి లేదు. అది మాంసంలో, చేపల్లో దొరుకుతుంది, బియ్యంలో ఉండదు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు కూడా సరిగా అరగవు.

కడుపు నిండినా పిల్లి వేట మానదన్నది నిజమే. అయినా తిండి ప్రభావం చిన్నది కాదు. 2021లో వెలువడిన ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధనలో, మాంసం ఎక్కువగా ఉన్న తిండి పెట్టాక పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఆడిస్తే 25 శాతం తగ్గింది. మెడలో గంట కడితే మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు!

బరంపురం అపార్ట్‌మెంట్లలో పిల్లిని పూర్తిగా లోపలే పెంచవచ్చు, పెంచాలి కూడా. పెంకుటిళ్లలో అది కష్టం. అక్కడ కనీసం పొద్దు వాలినప్పటి నుంచి బాగా తెల్లవారేదాకా బయటికి వదలకూడదు. వేటకు అది ఇష్టపడే వేళ సందెచీకటి, వేకువ. కుక్కకాట్లు, పోట్లాటలు, బండ్ల కింద పడటం ఎలాగూ ఉన్నాయి. మహేంద్రగిరి చుట్టుపక్కల అడవి అంచు పల్లెల్లోనైతే మన పిల్లుల రోగాలు అడవిపిల్లులకూ అంటుకోవచ్చు.

సాయంత్రం లోపలికి పిలవడానికి ముళ్లు తీసిన చేపముక్కో, ఉడికించిన కోడి గుండెకాయో చాలు. ఉడికిన నీళ్లలోకి టారిన్ దిగిపోతుంది కాబట్టి ఆ నీళ్లు పారబోయకుండా గిన్నెలోనే పోయండి. రేబిస్ టీకా తప్పకుండా వేయించండి. ఆరు నెలలు నిండకముందే ఆడపిల్లి చూలు కట్టగలదు, రెండు నెలల్లో ఈనుతుంది. ఆ పిల్లల్ని గోనెసంచిలో తీసుకెళ్లి సంతలో వదిలేసేవాళ్లు ఇంకా ఉన్నారు. వీధిపిల్లులు పెరిగేది అలాగే. అందుకే పశువైద్యుణ్ని అడిగి, మొదటి ఎదకు ముందే ఆపరేషన్ చేయించండి.