చేపకి పట్టిన పిడుదులు

చిరంజీవులు అక్కాతమ్ముళ్లకి తాతయ్య ఆశీస్సులు.

నెలగంట పెట్టిన దగ్గర్నించి విజయనగరంలో తెల్లారగట్ల చలి గట్టిగా ఉందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ మర్నాడే మీ ఉత్తరం వచ్చింది. "ఏటి తాతా ఇది? మా గాజు తొట్టెలో ఉన్న మీసాల కోరీ చేప మీద ఎవరో బొంబాయి రవ్వ చల్లినట్టుంది. రాళ్లకీ గాజుకీ ఒళ్లు రాసుకుంటోంది. నీలం మందు ఎన్ని చుక్కలు వెయ్యాలి?" అని కదా అడిగారు. ఆ చలికీ ఈ రవ్వకీ లంకె ఉంది. చుక్కల సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ సీసాకి మూత బిగించి పైన పెట్టండి.

మీరు పల్లెకి వచ్చినప్పుడు గేదెల శాల చూశారు. గేదె చెవి వెనకా, తోక మొదట్లోనూ శనగగింజల్లా పట్టుకుని ఉండేవే పిడుదులు. మీ చేప మీద ఉన్న తెల్ల చుక్కలు కూడా ఒక రకం పిడుదులే అనుకోండి. గేదె ఒంటి మీద నెత్తురు తాగి బలిసిన పిడుదు అక్కడే ఉండిపోదు. ఒకనాడు టప్పున కింద రాలుతుంది, గోడ బీటలోకి దూరి వేలల్లో గుడ్లు పెడుతుంది. ఆ పిల్లలు మళ్లీ గేదె ఎక్కుతాయి. చేప మీది చుక్కా అంతే. నాలుగైదు రోజులు తిని బలిసి, రాలి, తొట్టె అడుగున రాళ్ల సందుల్లో అంటుకుంటుంది. ఒంటి చుట్టూ ఒక గూడు కట్టుకుని లోపల రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీలుతూ వందల పిల్లలవుతుంది. ఒక్కోసారి వెయ్యి దాకా కూడా. గూడు పగిలాక అవి ఈదుకుంటూ చేప కోసం వెతుకుతాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి.

పాతకాలం ఇళ్లల్లో పిడుదులు ఎక్కువైతే గేదెని కడిగి ఊరుకునేవారు కాదు. పేడా మట్టీ కలిపి గోడ బీటలు పూడ్చేవారు, పాత గడ్డి అంతా బయటికి లాగేవారు, సాయంత్రం వేపాకు పొగ వేసేవారు. శాల మొత్తం ఘాటుగా వాసనేసేది, దూడలు తుమ్మేవి. ఇంట్లో ముసలమ్మలు గేదె చెవులు వంచి ఒక్కో పిడుదునీ గిల్లి కిరసనాయిలు డబ్బాలో వేసేవారు. అయినా శాల శుభ్రం కాకపోతే పది రోజుల్లో మళ్లీ మొదటికే వచ్చేది. మీరు చేపని వేరే బక్కెట్లో పెట్టి మందు వేసి, తిరిగి అదే తొట్టెలో వదిలితే జరిగేదీ అదే. అందుకే చేపని ఎక్కడికీ మార్చొద్దు. వైద్యం తొట్టెకి.

ఇక్కడ నా గేదె పోలిక కొంచెం కుంటుతుంది. పిడుదు తోలు పైన కూర్చుంటుంది, వేళ్లతో పీకెయ్యొచ్చు. ఈ పురుగు చేప చర్మం కిందికి దూరి కూర్చుంటుంది, దాన్ని ఏ మందూ అంటదు. గూట్లో ఉన్నప్పుడూ అంటదు. గూడు వదిలి నీళ్లలో ఈదే ఆ కాస్సేపే అది మనకి దొరికేది. చుక్కలు పోయాయని మర్నాడే మందు ఆపేసేవాళ్లు చాలామంది. చుక్కలు పోవడం అంటే పురుగులు అడుగుకి దిగి పిల్లలు పెట్టడం మొదలెట్టాయని. ఆఖరి చుక్క మాయమయ్యాక కనీసం వారం రోజులు వైద్యం సాగాలి. మొత్తం రెండు వారాలు అనుకుని మొదలుపెట్టండి.

చలి లంకె చెప్తాను. పురుగు చలిలోంచి పుట్టలేదు. ఈమధ్య తెచ్చిన కొత్త చేపతోనో, కవరులోని నీళ్లతోనో వచ్చింది. చలికి చేప నీరసపడింది, పురుగు పట్టు సాధించింది. చల్లని నీళ్లలో దాని బతుకు నెమ్మదిస్తుంది, రెండు మూడు వారాలు సాగుతుంది. వెచ్చని నీళ్లలో తొందరగా రాలుతుంది, తొందరగా ఈదుతుంది, అంటే తొందరగా మనకి చిక్కుతుంది. సుమారు 30 డిగ్రీలు దాటితే దానికి పిల్లలు పెట్టడమే కష్టం. కానీ కోరీలు చల్లని ఏళ్లలో చేపలు. వాటిని 28 దగ్గర ఆపండి. నాలుగు గంటలకి ఒక డిగ్రీ చొప్పున పెంచండి, ఒక్కసారి తిప్పెయ్యొద్దు. మీ తొట్టెకి 50 వాట్ల హీటర్ చాలు. నీళ్లు వెచ్చనయ్యే కొద్దీ వాటిలో గాలి తగ్గుతుంది కాబట్టి ఎయిర్ పంపు రాత్రీ పగలూ తిరగాలి. తొట్టెలో చెయ్యి పెట్టే ముందు, నీళ్లు తోడే ముందు హీటర్ ప్లగ్గు తియ్యాలి. నీళ్లు దిగి వేడి గాజు బయటపడితే టప్పున పగులుతుంది. ఆ పని నాన్నది, మీది కాదు.

ఇప్పుడు లెక్క. తొట్టె పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30 అని రాశారు. నీళ్ల ఎత్తు అంచు దాకా కాదు, నీళ్లున్నంత మేరే కొలవండి. 25 ఉందనుకుంటే 60ని 30తో, దాన్ని 25తో గుణించి వెయ్యితో భాగిస్తే 45 లీటర్లు. అడుగు రాళ్లు ఆక్రమించింది ఒక అయిదు తీసేస్తే 40. మందు ఏదైనా ఈ 40కే. తొట్టె డబ్బా మీద లీటర్ల అంకె చూసి మందు పోసేవాళ్ల చేపలే ఎక్కువ పోతాయి.

అందులోనూ మీది మీసాల చేప. రోహూ, బొచ్చెలకి ఉన్నట్టు దానికి పొలుసులు లేవు. మన చెరువుల్లో జెల్లకీ, మార్పు చేపకీ, ఇంగిలాయికీ కూడా ఉండవు. కోరీకి పక్కల్లో ఎముక పలకలు రెండు వరుసలు ఉంటాయి గానీ పొట్ట మెత్తని చర్మమే. మందు ఆ చర్మం గుండా, మొప్పల గుండా మిగతా చేపల కంటే గట్టిగా తగులుతుంది. కాబట్టి సీసా మీద రాసిన దాంట్లో సగం. రాగి కలిసిన మందు అసలే వద్దు. మీరు రాసిన నీలం మందు, పేరు మిథిలిన్ బ్లూ అయితే, అది ఫిల్టర్లో ఉండే మంచి సూక్ష్మజీవుల్ని కూడా దెబ్బతీస్తుంది, తొట్టె మూలల్లో జిగురుకి నీలం రంగు పట్టి పోదు. చేపలుండే తొట్టెలో నేనైతే వెయ్యను.

చుక్కలు పదీ పదిహేనే ఉండి, చేప తింటూ ఉంటే, వేడీ, శుభ్రం, కాస్త ఉప్పూ చాలు. ఉప్పు లీటరుకి 1 గ్రాము, అంటే 40 గ్రాములు. అయోడిన్ కలపని కల్లుప్పు తెమ్మనండి. మన జిల్లాల వాళ్లకి ఉప్పంటే నౌపడా ఉప్పు మళ్లే గుర్తొస్తాయి, ఆ ముతక రాళ్ల ఉప్పే ఇది. చెంచాతో కొలవొద్దు, రాళ్లు చిన్నవీ పెద్దవీ ఉంటాయి కనక తూకం వెయ్యాలి. మూడు భాగాలు చేసి, ఒక్కో భాగం మగ్గుడు తొట్టె నీళ్లలో పూర్తిగా కరిగించి, పూటకొకటి పొయ్యండి. రాయి అలాగే వేస్తే చేప దాని మీద పొట్ట ఆన్చి కూర్చుని కాల్చుకుంటుంది. ఈ ఉప్పు పురుగుని చంపదు. చంపేటంత ఉప్పు మీ చేప తట్టుకోదు. చేపకి దన్నుగా ఉంటుంది, అంతే.

తప్పు జరిగేది ఇక్కడే. ఉప్పు ఆవిరి కాదు. నీళ్లు ఇగిరి తగ్గితే మామూలు నీళ్లు కలపండి. 12 లీటర్లు తోడి పారేసి కొత్తవి పోస్తే 12 గ్రాములే వెయ్యాలి, మళ్లీ 40 కాదు.

చేప మొప్పలు టకటకా కొట్టుకుంటున్నా, ఒళ్లంతా చుక్కలైనా ఆగొద్దు, తెల్ల చుక్కల మందే సగం మోతాదులో అదే రోజు మొదలుపెట్టాలి. అప్పుడు ఉప్పు జోలికి పోవద్దు, రెండు బరువులు ఒక్క చేప మీద వద్దు. ఫిల్టర్లో నల్లని బొగ్గు ఉంటే తీసెయ్యాలి, లేకపోతే మందంతా అదే తాగేస్తుంది. ఈ మందుల్లో సాధారణంగా మలకైట్ గ్రీన్, ఫార్మలిన్ ఉంటాయి. మలకైట్‌ని వెలుతురు పాడుచేస్తుంది కనక లైటు ఆర్పి వెయ్యాలి. రెండూ మనుషులకి మంచివి కావు, అందుకని చేతికి తొడుగు వేసుకుని నాన్నే వెయ్యాలి. మందు వేసిన రెండు మూడు గంటలు దగ్గర కూర్చోండి. చేప పైకి కిందికి పిచ్చిగా పరిగెత్తితే సగం నీళ్లు మార్చెయ్యండి.

మీ చేతిలో ఉన్న అసలు పని శాల ఊడవడం. రోజూ గొట్టంతో అడుగు రాళ్ల మీదే తిప్పుతూ, మురికితో పాటు ఆ గూళ్లనీ లాగేస్తూ, 10 నుంచి 12 లీటర్లు బయటికి తియ్యండి. మందు వాడుతున్నప్పుడైతే మందు వేసే ముందు తియ్యాలి, వేశాక తీస్తే డబ్బు కాలవలో పోసినట్టే. కొత్త నీళ్లు మునిసిపాలిటీ కుళాయివైతే బక్కెట్లో ఒక రోజు గాలి పంపు పెట్టి ఉంచండి, క్లోరిన్ పోతుంది. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ గాలీ తక్కువే, వాటికీ అదే చెయ్యండి. చెయ్యి పెడితే రెండు నీళ్లూ ఒకే వెచ్చగా ఉండాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు. తోడిన తొట్టె నీళ్లలోనే రెండు సార్లు పిండండి. చేప మురికిలోంచి వచ్చే అమ్మోనియాని తినే జీవులు ఆ స్పాంజిలోనే కాపురం ఉంటాయి. అవి పోతే పురుగు చంపని చేపని అమ్మోనియా చంపుతుంది. నీళ్ల పరీక్ష కిట్ దొరికితే అమ్మోనియా, దాన్నుంచి తయారయ్యే నైట్రైట్ రెండూ సున్నా చూపాలి.

కరెంటు పోతే? తిత్లీ తుపాను వచ్చిన 2018 అక్టోబరులో శ్రీకాకుళం జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లున్నాయి. అలాంటప్పుడు మేత ఆపెయ్యండి, గంటకోసారి మగ్గుతో నీళ్లు ఎత్తి జానెడు పైనుంచి పొయ్యండి. బ్యాటరీ పంపు ఒకటి కొని ఉంచుకుంటే ఆ తిప్పలుండవు.

మీసాలు అరిగి పొట్టివయ్యాయని కూడా రాశారు. అది పురుగు పని కాదు. రంగు రాళ్ల అంచులూ, వాటి కింద కుళ్లిన మేతా కలిసి చేసింది. రాళ్లు తీసి నది ఇసుక వేళ్ల మందం పరవండి. నాగావళిదైనా, చంపావతిదైనా నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. ఇళ్లు కట్టేచోట కుప్ప పోసిన రోబో ఇసుక వద్దు, అది పగలగొట్టిన రాయి, ప్రతి గింజా చాకు మొనే. కళింగపట్నం వెళ్లినప్పుడు ముచ్చటపడి తెచ్చే సముద్రపు ఇసుకా వద్దు, అందులో గవ్వల ముక్కలుంటాయి. మీసం మొదలంటా పోకపోతే మళ్లీ పెరుగుతుంది. మార్చడం మాత్రం ఈ జబ్బు తగ్గాకే.

చేపని పట్టాల్సి వస్తే వల వద్దు, మగ్గు పెట్టండి. రెక్కల ముందున్న ముల్లు వలలో చిక్కుకుంటే తియ్యలేక చేపా మీరూ ఏడుస్తారు. మేత మునిగే బిళ్లలే, లైటు ఆర్పాక, చేపకి ఒకటి చొప్పున. పొద్దున మిగిలి ఉంటే తీసెయ్యండి. ఇక మీదట కొత్త చేప వస్తే నాలుగు వారాలు వేరే డబ్బాలో. కవరు నీళ్లు చెట్టుకి పోసెయ్యండి.

పెద్దదైన సక్కర్ చేపని, అదే తొట్టెలో నాచు తినేదాన్ని, పెద్ద చెరువులో వదిలేద్దామా అని తమ్ముడు అడిగాడు. వద్దురా. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చుట్టం, మన జెల్లల కూడు లాక్కుంటుంది. దాని పొట్ట లోపలికి పోయిందంటే ఆకలి, నాచు ఒక్కటే చాలదు. బీరకాయ ముక్క ఉడికించి దారంతో రాయికి కట్టి రాత్రి వెయ్యండి.

మీ కోరీ అప్పుడప్పుడు సర్రున పైకి వెళ్లి గుటకేసి దిగుతుందని భయపడ్డారు. భయం లేదు, అది గాలి మింగి పేగుతో పీల్చుకుంటుంది. మార్పు చేపకైతే మొప్పల పైన చిన్న చెట్టు కొమ్మల్లాంటి అవయవం ఉంటుంది, దానితో ఎండిన చెరువు బురదలో కూడా బతుకుతుంది. గంటకి ఒకటి రెండు సార్లయితే అలవాటు. నిమిషానికోసారయితే నీళ్లలో గాలి లేనట్టు, పంపు చూడండి.

మీసాల చేపలకి రుచి నాలుక మీదే కాదు, మీసాల మీదా, రకాన్ని బట్టి ఒళ్లంతా కూడా తెలుస్తుంది. అరిసె పాకంలో వేలు పెట్టకుండా, పక్కన నిలబడితేనే తీపి తెలిసినట్టు. ఎలాగో నాకు ఊహించుకోవడానికి కూడా రాదు.

ఈ రాత్రి లైటు ఆర్పి అరగంట ఆగండి. చిన్న టార్చి పక్కనుంచి వేసి చుక్కలు లెక్కపెట్టి, తేదీ వేసి గోడ క్యాలెండరు మీద రాయండి. అయిపోయాక వెంటనే లేవకండి. కోరీ కళ్ల వైపే చూస్తూ ఉండండి, తల కదపకుండా కన్నొక్కటే కిందికి తిప్పుతుంది, అచ్చం కన్ను గీటినట్టు. మొదట ఎవరికి గీటిందో నాకు రాయండి.

మీ తాతయ్య