లాయర్ని పెట్టుకునే స్తోమత లేకపోతే: ఉచిత న్యాయ సేవల వెనక కథ

పెద్ద లా ఫర్మ్‌లు ‘అవసరంలో ఉన్నవారి కేసులు ఉచితంగా చూస్తాం’ అని చెప్పుకోవడం మన దేశంలో ఈమధ్య మొదలైన అలవాటు. ఏడాదికి ఇన్ని గంటలు అని లెక్కకట్టి చెప్పే పద్ధతి అమెరికా నుంచి వచ్చింది. ఒక్కో లాయరు ఏటా కనీసం 50 గంటలు ఫీజు లేకుండా పనిచేయాలని అక్కడి బార్ అసోసియేషన్ నమూనా నియమావళి ఆశిస్తుంది. తప్పనిసరి మాత్రం కాదు. ఫీజు గంటల లెక్కన వసూలు చేసే చోట దానమూ గంటల లెక్కనే ఉంటుంది మరి. మన జిల్లా కోర్టుల్లో గంటకింత అని తీసుకునే ప్లీడరు ఎక్కడున్నాడు? వకాల్తాకి ఇంత, వాయిదాకి ఇంత, లేదా కేసు మొత్తానికి మాట్లాడుకుంటే ఇంత. అందుకే మన దగ్గర ఉచిత న్యాయం కథ ఫర్మ్‌ల ఆఫీసుల్లో మొదలవలేదు. దాని తొలి మలుపుల్లో ఒకటి మన తెలంగాణలోనే ఉంది.

అంతకుముందు సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. బ్రిటిష్ కాలంలో పేదవాడికి చట్టం ఇచ్చిన వెసులుబాటు ‘పాపర్ దావా’. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం, కోర్టు ఫీజు కట్టే స్తోమత లేదని తేలినవాడు, ఫీజు ఇంతని చట్టం చెప్పని చోట ఒంటిమీద అవసరమైన బట్టలూ దావాలో ఉన్న ఆస్తీ మినహాయిస్తే వంద రూపాయల ఆస్తి కూడా లేనివాడు, ఫీజు ముందుగా కట్టకుండానే దావా వేసుకోవచ్చు. అంతే. లాయర్ని ఎవరిస్తారన్న ప్రశ్నకి అందులో జవాబు లేదు. ఆ ‘పాపర్’ మాటని తీసేసి ‘నిర్ధనుడు’ అన్నదీ, వంద రూపాయల హద్దుని వెయ్యి చేసిందీ, అలాంటివాడికి కోర్టే ప్లీడరుని ఏర్పాటు చేయవచ్చన్నదీ 1976 సవరణలే. వంద వెయ్యి కావడానికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది.

క్రిమినల్ కేసుల్లో పరిస్థితి ఇంకా అన్యాయం. నిందితుడికి లాయరు ద్వారా వాదించుకునే హక్కుందని 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చెప్పింది. తర్వాత రాజ్యాంగం 22వ అధికరణలో తనకిష్టమైన న్యాయవాదిని పెట్టుకునే హక్కు రాసింది. పెట్టుకోగలిగితే పెట్టుకో అన్నట్టే ఉంది రెండు చోట్లా.

ఇది 1951లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో హత్య కేసుల్లో ప్రత్యేక ట్రిబ్యునల్ ఉరిశిక్ష వేసిన రైతు కార్యకర్తల కేసు అది. చట్ట పుస్తకాల్లో ‘జనార్దన రెడ్డి వర్సెస్ స్టేట్ ఆఫ్ హైదరాబాద్’ పేరుతో ఉంటుంది. వారి తరఫున వాదించడానికి లండన్ నుంచి బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చారు. మాకు లాయర్లని పెట్టుకునే అవకాశమే ఇవ్వలేదన్నది నిందితుల అభ్యంతరాల్లో ముఖ్యమైనది. ఉరిశిక్ష పడే అవకాశం ఉన్న కేసులో లాయరు ఉండటం మంచిదేనని కోర్టు ఒప్పుకుంది. అయితే లాయరు లేడన్న ఒక్క కారణంతో ప్రతి విచారణా చెల్లదని అనలేమంది. పిటిషన్లు కొట్టేసింది. ఆ ఉరిశిక్షలు తర్వాత యావజ్జీవంగా మారాయి గానీ, కోర్టులో గెలిచి కాదు. ఈ కేసుని నేను ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. తర్వాత ఇరవై ఏడేళ్లకు సుప్రీంకోర్టు మొదలుపెట్టిన దారి సరిగ్గా దీనికి ఎదురు దిశలో నడిచింది.

ఆ మధ్యకాలంలో కమిటీలకి కొదవలేదు. బొంబాయిలో 1924 నాటికే లీగల్ ఎయిడ్ సొసైటీ ఉంది. 1949లో బొంబాయి, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వాలు చెరొక కమిటీ వేశాయి. కేరళ 1957లో పేదలకు న్యాయ సహాయం కోసం నియమాలు చేసింది. అప్పుడు అక్కడ న్యాయశాఖ మంత్రి వి.ఆర్. కృష్ణయ్యర్. తలశ్శేరిలో కార్మికుల, రైతుల కేసులు వాదించి వచ్చినవారు. 1958లో లా కమిషన్ తన 14వ నివేదికలో ఇది దానధర్మం కాదు, ప్రభుత్వ బాధ్యత అన్న ధోరణిలో రాసింది. చాలాచోట్ల నివేదికలు బీరువాల్లోకి వెళ్లాయి.

1970లలోనే నిజంగా కదలిక వచ్చింది. కృష్ణయ్యర్ అధ్యక్షతన కేంద్రం వేసిన కమిటీ 1973లో నివేదిక ఇచ్చింది. అదే ఏడు వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 304వ సెక్షన్, సెషన్స్ కేసుల్లో స్తోమత లేని నిందితుడికి ప్రభుత్వ ఖర్చుతో లాయర్ని ఇవ్వాలంది. ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 341వ సెక్షన్. ఎమర్జెన్సీలో వచ్చిన 42వ రాజ్యాంగ సవరణ గురించి చెప్పుకోదగ్గ మంచి తక్కువే గానీ, ఉచిత న్యాయ సహాయాన్ని ఆదేశిక సూత్రాల్లో చేర్చిన 39ఎ అధికరణ దాని పుణ్యమే.

ఆదేశిక సూత్రమంటే ప్రభుత్వానికి దారి చూపేది, నేరుగా కోర్టుకెళ్లి రాబట్టుకునే హక్కు కాదు. అది అమలు కావాలంటే కేసు కావాలి. ఆ కేసు తెచ్చినవాడు పేదవాడు కాకపోవడం ఈ చరిత్రలో ఓ విచిత్రం. హోస్‌కాట్ అనే యూనివర్సిటీ రీడరు మరో యూనివర్సిటీ పేరుతో దొంగ డిగ్రీ సర్టిఫికెట్లు తయారు చేయించబోయి దొరికాడు. కింది కోర్టు, ఆ రోజు పని ముగిసి జడ్జి లేచేదాకా ఖైదుగా అక్కడే కూర్చోమని, జరిమానా కట్టమని వదిలేసింది. హైకోర్టు దాన్ని మూడేళ్ల జైలు చేసింది. అతను సుప్రీంకోర్టుకి నాలుగేళ్లకు పైగా ఆలస్యంగా వచ్చాడు. కారణం, హైకోర్టు తీర్పు కాపీ తనకు అందలేదన్నాడు. జైలు అధికారులు ఇచ్చామన్నారు, తీసుకున్నట్టు అతని సంతకం ఉన్న రసీదు మాత్రం చూపలేకపోయారు. 1978లో, అప్పటికి సుప్రీంకోర్టు జడ్జిగా ఉన్న కృష్ణయ్యర్ అతని పిటిషన్ కొట్టేశారు. కానీ ఖైదీకి తీర్పు కాపీ ఉచితంగా, వెంటనే అందాలనీ, అప్పీలు చేసుకోవడానికి స్తోమత లేకపోతే లాయర్ని ప్రభుత్వం ఇవ్వాలనీ, ఇది ప్రాణానికీ స్వేచ్ఛకీ రక్షణనిచ్చే 21వ అధికరణలోని న్యాయమైన ప్రక్రియలో భాగమనీ అదే తీర్పులో రాశారు. ఆయన వాక్యాలు కాస్త బరువుగా ఉంటాయి, రూలు మాత్రం జైలు గుమస్తాకి కూడా అర్థమయ్యేంత సూటిగా ఉంది.

మరుసటి ఏడాది జనవరిలో పోలీసు అధికారి కె.ఎఫ్. రుస్తంజీ బిహార్ జైళ్లలో మగ్గుతున్న విచారణ ఖైదీల గురించి ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో రాశారు. అది చదివి కపిలా హింగోరాణీ సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. నేరం రుజువైతే పడే గరిష్ఠ శిక్ష కన్నా ఎక్కువ కాలం జైల్లో ఉన్నవాళ్లు ఆ జాబితాలో ఉన్నారు, విచారణ మొదలు కాకుండానే. జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన ఉత్తర్వులతో ఉచిత న్యాయ సహాయం ప్రాథమిక హక్కుల గడప దాటి లోపలికి వచ్చింది. 1980 డిసెంబరులో, భాగల్పూర్‌లో పోలీసులు ఖైదీల కళ్లు పొడిచిన కేసులో, డబ్బుల్లేవన్న బిహార్ ప్రభుత్వ సాకుని కోర్టు ఒప్పుకోలేదు. అడగలేదు కాబట్టి లాయర్ని ఇవ్వలేదన్న మేజిస్ట్రేట్ల సమాధానాన్నీ ఒప్పుకోలేదు. అడగొచ్చని వాడికి తెలిస్తే కదా అడిగేది! నిందితుణ్ణి తొలిసారి తన ముందుకు తెచ్చినప్పుడే ఆ హక్కు గురించి చెప్పాల్సింది మేజిస్ట్రేటే అని కోర్టు అంది. 1986లో అరుణాచల్ నుంచి వచ్చిన సుక్ దాస్ కేసులో, లాయరు లేకుండా జరిగిన విచారణ కాబట్టి శిక్షే చెల్లదంది. అప్పటికి 1951 నాటి మాట చెల్లకుండా పోయింది.

1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం వచ్చింది. అమల్లోకి వచ్చింది మాత్రం 1995 నవంబరు 9న. ఎనిమిదేళ్లు పట్టింది. ఇప్పుడు ఆ తేదీనే న్యాయ సేవల దినోత్సవం చేస్తున్నారు. ఈ చట్టంలో 12వ సెక్షన్ చాలామందికి తెలియదు. ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, విపత్తు బాధితులు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో పని లేకుండానే ఉచిత సేవకి అర్హులు. మిగతావారికే ఆదాయ పరిమితి. సహాయం అంటే లాయరు ఒక్కడే కాదు. కోర్టు ఫీజు, కాపీలు, టైపింగు, అనువాదం ఖర్చులూ అందులోకే వస్తాయి. మన జిల్లా కోర్టు ఆవరణల్లో ‘న్యాయ సేవా సదన్’ బోర్డు కనిపిస్తుంది. మండల స్థాయిలోనూ కమిటీలున్నాయి. ఫోన్ చేయాలంటే 15100.

అంతా ఉంది. అయినా ‘ఫ్రీ లాయరా? వద్దులే, ఎంతో కొంత ఇచ్చి మన లాయర్ని పెట్టుకుందాం’ అని అప్పు చేసేవాళ్లని ఏ కోర్టు వరండాలోనైనా చూడొచ్చు. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. న్యాయ సేవాధికార సంస్థ జాబితాలో ఉండి కేసుకింత అని తీసుకునే ప్యానెల్ లాయర్లకిచ్చే పారితోషికం తక్కువ. ఫైలు చేతికొచ్చేసరికి వాయిదా వచ్చేస్తుంది. మధ్యప్రదేశ్‌లో ఒక ఉరిశిక్ష కేసు పదమూడు రోజుల్లో ముగిసింది. కోర్టు నియమించిన లాయర్ని ఏ రోజు పెట్టారో ఆ రోజే అభియోగాలు కూడా నమోదు చేశారు. 2019లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసి, విచారణ మళ్లీ జరపమంది. ఉరి, యావజ్జీవం పడే కేసుల్లో కనీసం పదేళ్ల అనుభవం ఉన్నవారినే నియమించాలనీ, సిద్ధం కావడానికి మామూలుగా కనీసం ఏడు రోజులివ్వాలనీ చెప్పింది. 2022 నుంచి లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ విధానం వచ్చింది. అందులో చేరిన లాయర్లు ప్రైవేటు ప్రాక్టీసు మానేసి పూర్తికాలం క్రిమినల్ కేసులే చూస్తారు. ప్రభుత్వ ప్రాసిక్యూటరుకి ఎదురుగా నిలబడే ప్రభుత్వ లాయరన్నమాట. ప్యానెల్ పద్ధతి కన్నా ఇది మెరుగనే నా అభిప్రాయం.

మన ప్రాంతంలో ఉచితంగా వాదించినవారు అనగానే గుర్తొచ్చేది సంస్థలు కాదు, మనుషులు. కె.జి. కన్నబిరాన్, బొజ్జా తారకం, లెక్కల మాస్టారుగా ఉండి తర్వాత నల్లకోటు వేసుకున్న కె. బాలగోపాల్. వీళ్లకి కేసు ఉద్యమంలో భాగం. ఫీజు ప్రస్తావన తర్వాతెప్పుడో, వస్తే. ఇలాంటివారు లేకపోతే ఆ పనీ ఆగిపోతుందన్నదే ఈ పద్ధతిలోని లోటు.

ఇక ఫర్మ్‌లు. అవి ఆలస్యంగా రావడానికి కారణాలున్నాయి. చాలాకాలం పాటు ఇరవైమంది భాగస్వాములకి మించి ఫర్మ్ పెరగడానికి చట్టమే ఒప్పుకోలేదు. 2008లో ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య) చట్టం వచ్చాక దారి తెరుచుకుంది. లాయర్లు ప్రకటనలు చేసుకోకూడదన్న బార్ కౌన్సిల్ నియమం వల్ల చేసిన మంచిని చాటుకునే వీలూ తక్కువే. గెలిస్తే వచ్చిన దాంట్లో వాటా అన్న ఒప్పందం కూడా మన దగ్గర నిషిద్ధం. అలాగని కర్తవ్యం రాసిపెట్టి లేదని కాదు. ఫీజు ఇవ్వలేనివాడికి శక్తిమేరకు ఉచితంగా సాయపడటం న్యాయవాదికి ఉన్న గొప్ప బాధ్యతల్లో ఒకటని బార్ కౌన్సిల్ 46వ రూలు ఎప్పటినుంచో చెబుతోంది. దానికి కొంచెం ఆశ జోడించింది 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పు. కోర్టులు ఇచ్చే సీనియర్ అడ్వొకేట్ హోదాకి పెట్టిన మార్కుల పద్ధతిలో ఉచిత సేవనీ లెక్కలోకి తీసుకుంది. 2025 మేలో ఆ మార్కుల పద్ధతినే కోర్టు ఎత్తేసింది. అదే 2017లో కేంద్ర న్యాయశాఖ ‘న్యాయబంధు’ మొదలుపెట్టి, ఉచితంగా పనిచేయడానికి ముందుకొచ్చిన లాయర్లని అర్హులతో కలిపే ప్రయత్నం చేసింది. తర్వాత యాప్ కూడా తెచ్చింది.

నా చూపులో ఫర్మ్‌ల మాటకి విలువ ఉంది, అయితే అన్ని చోట్లా కాదు. కార్పొరేట్ ఒప్పందాలు రాసే ముంబై జూనియర్‌కి ఆసిఫాబాద్ మేజిస్ట్రేట్ ముందు రిమాండ్ రోజున ఏం అడగాలో, షూరిటీ దొరకనివాడికి బెయిల్ ఎలా తేవాలో తెలియదు. ఆ పని అక్కడి లాయరుదే. ఆ లాయరు చేయలేనిది మరొకటుంది. సుప్రీంకోర్టు దాకా వెళ్లే పిటిషన్, వందల పేజీల తెలుగు రికార్డుకి ఇంగ్లిష్ అనువాదం, పాత తీర్పుల వెతుకులాట, ఢిల్లీ ఖర్చు. ఖైదీ తరఫున అప్పీలు వేయడం కూడా న్యాయ సహాయంలో భాగమేనని సుప్రీంకోర్టు 2012లోనే స్పష్టం చేసింది. 2024 అక్టోబరులో సుహాస్ చక్మా కేసులో జైళ్లలో న్యాయ సహాయ క్లినిక్‌లు సరిగ్గా పనిచేసేలా చూడమని మళ్లీ ఆదేశాలిచ్చింది. గంటలు ఇస్తామనే ఫర్మ్‌లు, జైలు క్లినిక్‌లో అప్పీలు కాగితం రాసే పారా లీగల్ వాలంటీరు (లాయరు కాని, శిక్షణ పొందిన సహాయకుడు) నుంచి ఢిల్లీలో వాదించే లాయరు వరకూ ఆ ఫైలు ఆగకుండా నడిచే ఏర్పాటులో చేరితే, వాళ్ల గంటలకి అక్కడ పని దొరుకుతుంది.