పాలపన్ను గుజ్జు, ఎర్రటి వెలుగు

మొన్న మా పాపకు పాలపన్ను ఊడింది. హనుమకొండలో మా పాతింట్లో అయితే పేడముద్దలో పెట్టి గూనపెంకల మీదికి విసిరేవాళ్లం. ఇప్పుడు స్లాబు ఇల్లు. పన్నును కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. కింది అంచున గోరుకొనంత ఎర్రటి గుజ్జు ఇంకా తడిగా ఉంది.

ఆ గుజ్జులో మూలకణాలుంటాయి. పెద్దవాళ్ల పంటిగుజ్జులో ఉంటాయని 2000లో తేలింది. ఊడిన పాలపండ్లలోనూ ఉంటాయని 2003లో అమెరికాలో సాంగ్‌టావో షీ బృందం చూపించింది. మూలకణమంటే ఇంకా ఏ పనిలోనూ కుదురుకోని కణం. ల్యాబులో తగిన మందులు కలిపిన ద్రవంలో పెంచితే ఎముక కణాల దారి పడుతుంది. ఆ దారిలో ఉన్నప్పుడు ఎర్రటి వెలుగు చూపిస్తే నడక పెరుగుతుందా? ఇదే ఇప్పుడు చాలామంది వెతుకుతున్న సంగతి.

ఎరుపే ఎందుకంటే, చీకట్లో ఫోన్ టార్చికి వేలు ఆనించి చూడండి. వేలంతా ఎర్రగా వెలుగుతుంది. నీలాన్ని, ఆకుపచ్చని రక్తం పీల్చేసుకుంటుంది, ఎరుపు మాత్రం ఒంట్లోకి కాస్త లోతుగా పోతుంది. దాదాపు 630 నుంచి 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఆ వెలుగును కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అందుకుంటుందని, అక్కడ ఏటీపీ అనే శక్తి సరుకు తయారీ పెరుగుతుందని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఆ కదలిక జన్యువుల దాకా వెళ్తుంది. ఎముక పనికి పూనుకునే రన్‌ఎక్స్2 జన్యువు చురుకవుతుంది, ఆ తర్వాత కాల్షియం పేరుకుంటుంది.

పేరుకున్నదని ఎలా తెలుస్తుంది? నాకు బాగా నచ్చిన ముచ్చట ఇది. కణాలు పెంచిన గిన్నెలో అలిజరిన్ రెడ్ అనే రంగు పోస్తారు. కాల్షియం ఉన్నచోటే అది అంటుకుంటుంది, గిన్నె అడుగున ఎర్రటి చుక్కలు తేలతాయి. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో చపాటా మిర్చి చూసినవాళ్లకు ఆ ఎరుపు కొత్త కాదు. ఇంకో మాట, అలిజరిన్ మన అద్దకం పనివాళ్లు చిరివేరు నుంచి తీసిన ఎరుపులో ఉండేదే.

వెలుగు తగిలిన గిన్నెల్లో చుక్కలు ఎక్కువైనట్టు చాలా ప్రయోగాల్లో కనిపించింది. తేడా ఏమీ కనిపించనివీ ఉన్నాయి. అసలు కిటుకంతా మోతాదులో ఉంది. మిరపతోటకు తడి చాలకపోతే వాడుతుంది, ఎక్కువైతే వేరు కుళ్లుతుంది. కణాలూ అంతే, కొద్ది వెలుగుకు చురుకవుతాయి, అదే వెలుగు మరీ ఎక్కువసేపు పడితే మందగిస్తాయి. కాబట్టి ఎర్ర బల్బు కొని బుగ్గకు ఆనించుకుంటే ఎముక పెరుగుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

మా అమ్మకు కింది పండ్ల సెట్టు నిలవదు. పండ్లు పోయాక వాటిని పట్టుకున్న ఎముకకు పని లేక అరిగిపోయింది. అన్నం తినేటప్పుడు సెట్టు తీసి పక్కన పెట్టుకుంటుంది. ఈ ప్రయోగాల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ గిన్నెలకంటే ముందు అమ్మ దవడే గుర్తొస్తుంది. గిన్నెలో తేలిన చుక్కలు దవడలో గట్టి ఎముకగా నిలబడాలంటే ఎంత వెలుగు, ఎన్ని రోజులు, ఎంత లోతున అన్నది ముందు తేలాలి.